రెండవ బండి

ఒకమారు మోటారుబండి కొని, పదేండ్లో పండ్రెండేండ్లో నడిపి, దానిని అమ్మివేసి, మఱల బండి కొనబోవు గృహస్థు మునుపటి కంపెనీవారి బండినే కొనునా, వేఱొక కంపెనీ మొగము చూచునా? ఈ ప్రశ్న పైకి స్వల్పముగ దోచును. కాని మోటారు కంపెనీల లాభనష్టములు చాలవఱకు దీనిమీదనే నిలిచియున్నవి. క్రొత్తవాని నాకర్షించుటకు పత్రికలలో ప్రకటనలు, సినిమాతారల బొమ్మలు, షోరూములోని చల్లగాలి కావలయును. పాతవాడు తనంతట తానే వచ్చును. అందుచేతనే అమెరికాలో నిట్టివారిని లెక్కపెట్టుటయే యొక వృత్తియైనది. జె. డి. పవర్ అను సంస్థ 2019 లో ప్రకటించిన మొదటి లెక్కలో, పాతకారు నిచ్చి క్రొత్తకారు గొన్న సుబారు యజమానులు నూటికి 61 మందికి పైగా మఱల సుబారునే కొనిరని తేలినది. కంపెనీలు దీనిని విశ్వాసమని పిలుచుచున్నవి. యజమానియెడ కుక్క చూపు గుణమునకును మనము ఈ మాటనే వాడుదుము గనుక, దీని యర్థమేమో కొంచెము విచారించుట మంచిదని మాకు తోచినది.

ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వఱకు సముద్రపుటొడ్డున వ్యాపించియున్న ఉద్దానమును, దానికి బజారులైన పలాస-కాశీబుగ్గ, సోంపేట, టెక్కలి పట్టణములను ఎఱిగినవారికి ఇక్కడ బండి విలాసవస్తువు కాదని చెప్పనక్కఱలేదు. పలాస జీడిపప్పు, కవిటి కొబ్బరికాయలు, టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు దిమ్మలు, నౌపడ ఉప్పు - ఇవి యన్నియు చక్రములమీద కదలవలసినవే. ఇక్కడ రెండవ బండి కొనువాడు ప్రకటనలు చదివి కొనడు. సాయంకాలము మెకానిక్కు షెడ్డుకడకు పోయి, బానెట్టు క్రింద తల దూర్చియున్న మేస్త్రీ నడుగును: "బావా, ఈసారి ఏ బండి తియ్యమంటావు?" ఆయన తల యెత్తకయే చెప్పును: "ఉన్నదే తియ్యి. దాని రోగాలన్నీ నాకు తెలుసు." అంతటితో లక్షల రూపాయల బేరము తీఱిపోవును. షోరూములో తరువాత జరుగు మాటలన్నియు ఊరక మర్యాదకు.

కంపెనీవారి పుస్తకములలో ఇది తమ పేరునకు దక్కిన విశ్వాసముగ జమపడుచున్నది. వాస్తవమునకు అది ఆ మేస్త్రీ ఖాతాలోనిది. ఆయన పదునైదేండ్లు ఒకే రకపు ఇంజనును విప్పి బిగించి, దాని శబ్దము వినినంతనే దోషము చెప్పగల నేర్పు సంపాదించినాడు. ఆ నేర్పునకు కంపెనీ ఒక్క పైసా వేతన మియ్యలేదు. అటులనే ఆ బండికి కావలసిన బేరింగులు, బ్రేకు షూలు, ఫిల్టరులు నిలువచేసికొని, వేళగానివేళ తలుపు తట్టినను లేచి యిచ్చు స్పేరుపార్టుల కొట్టువాని పెట్టుబడియు ఇందు కలదు. బంధువులలో నలుగురు అదే బండి నడుపుచుండుటచే పరస్పరము కలిగిన ధైర్యము కలదు. అమ్మబోయినపుడు మంచి ధర పలుకునను నమ్మకము కలదు. ఇన్ని చేతులు కలిసి మోసిన పల్లకిలో కంపెనీపేరు సుఖముగ కూర్చున్నది.

అలన్ డిక్, కునాల్ బసు అను ఇరువురు పండితులు 1994 లో ఈ విషయమును చక్కగ విభజించి చూపిరి. మఱల మఱల కొనుట యొకటి, మనసార నమ్ముట మఱియొకటి యనియు, నమ్మకము లేకయే వేఱుదారి లేక కొనుచుండుట కృత్రిమ విశ్వాసమే యనియు వారు సిద్ధాంతము చేసిరి. పండితుల సిద్ధాంతములు మన బజారులో నెప్పుడును పూర్తిగ సరిపడవు. మన రైతు తన బండిని నమ్మును గాని దానిని చేసినవాని నమ్ముచున్నాడా యన్నది సందేహము. చేసినవాని నతడు చూచి యెఱుగడు గదా.

ఈ తీరమున బండిని కాపాడుకొనుట యెట్టిదో బయటివారికి తెలియదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తినివేయును. ఇసుకదారులు క్లచ్చును అరగదీయును. 2018 అక్టోబరు 11 వ తేదీన తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలమున తీరము దాటినపుడు ఈ దారులన్నిటిపై కొబ్బరి, జీడి, పనసచెట్లు కూలిపడినవి. ఏండ్ల తరబడి పెంచిన తోటలు ఒక్కరాత్రిలో నేలమట్టమైనవి. అట్టి తోటలపై బ్రతుకువానికి బండి వాయిదా కట్టుటయే కష్టము. పెద్ద మరమ్మతునకు పలాసనుండి శ్రీకాకుళము పోవలెనన్న డెబ్బది యెనుబది కిలోమీటర్లు, విశాఖపట్టణము పోవలెనన్న రెండువందలకు దగ్గఱ. ఆగిన బండిని అంతదూరము లాగించుకొని పోవువాడు ఒకమారు పోవును. రెండవమారు పక్కయూరి మేస్త్రీ చేతిలోనున్న బండినే కొనును. ఇది మూఢభక్తి కాదు, లెక్కయే.

ఈ లెక్కలో ప్రాణములును చేరియున్నవని జ్ఞాపకముంచుకొనవలయును. ఉద్దానపు మూత్రపిండ వ్యాధిని గూర్చి దేశమంతయు వినియున్నది. కారణ మిదియని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పజాలని ఆ వ్యాధి ఎన్ని గడపలలో దీపము లార్పినదో యిచట చెప్ప నలవి కాదు. ఒకప్పుడు డయాలిసిస్ కొఱకు విశాఖ కింగుజార్జి ఆసుపత్రికి పోవలసియుండెడిది. తరువాత టెక్కలి, సోంపేట, పలాసలలో కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరు 14 న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రమును ఆసుపత్రియు ప్రారంభమైనవి. దూరము తగ్గినది గాని ప్రయాణము తప్పలేదు. వారమునకు రెండుమార్లో మూడుమార్లో రోగి యంత్రము చెంతకు చేరవలయును. ఆనాడు వానిని తీసికొనిపోవు బాడుగకారు దారిలో నిలిచిపోయెనా, అది వట్టి యాలస్యము కాదు. ఆ కారు నడుపుకొని బ్రతుకువాడు రెండవ కారు కొనునపుడు రంగును, రూపమును, తెరపై పాటలు వినిపించు పెట్టెను చూడడు. చెడిపోయిన గంటలో దీనిని ఎవడు బాగుచేయును? వస్తువు ఎచట దొరకును? ఇవియే అతని ప్రశ్నలు. కంపెనీలు మెచ్చుకొను విశ్వాసమునకు మూలము ఇట్టి భయములో నున్నది.

అట్టివాని విశ్వాసమునకు కంపెనీలు చూపిన ప్రతివిశ్వాస మెట్టిది? మూడు సంగతులు చెప్పుదుము. కలకత్తా చెంత ఉత్తరపాడలో తయారైన అంబాసిడరు కారు ఒక తరమునకు మోటారనగా అదియే యనునంతటి పేరు గాంచినది. కలెక్టరు దొరకును అదియే, పెండ్లికొడుకునకును అదియే. దానిని మించి ఏ బండియు గ్రామపు మేస్త్రీకి లొంగలేదు. 2014 మే నెలలో దాని తయారీ నిలిచిపోయినది. 2017 లో ఆ పేరును మాత్రము 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు పూజో కంపెనీకి అమ్మివేసిరి. కారు లేదు, కర్మాగారము లేదు. వట్టి పేరునకు 80 కోట్లు! ఆ పేరునకు అంత వెల కట్టినది జనుల నమ్మకమే. ఆ నమ్మకమును పోగుచేసిన డ్రైవరునకు గాని మేస్త్రీకి గాని అందులో దమ్మిడీ ముట్టలేదు. ఇక షెవర్లే కార్లు చేయు జనరల్ మోటార్సువారు 2017 సంవత్సరాంతమునకు మన దేశమున అమ్మకము చాలించిరి. ఫోర్డువారు 2021 సెప్టెంబరు 9 న ఇక్కడి తయారీని ముగించుచున్నామని ప్రకటించిరి. పాతబండ్లకు సర్వీసు, స్పేరుపార్టులు ఇచ్చుచుందుమని ఇరువురును వాగ్దానము చేసిరి. వాగ్దానము చేయుట మర్యాదయే. కాని కంపెనీ పోవుచున్నదను వార్త వెలువడిన మఱునాడే పాతబండి బజారులో దాని ధర యేమగునో తెలిసికొనుటకు మోటారు శాస్త్రము చదువనక్కఱలేదు. యజమాని మారలేదు, బండి మారలేదు, ఇంజను నిన్నటివలెనే తిరుగుచున్నది; దాని విలువ మాత్రము సముద్రములకు ఆవల జరిగిన యొక సమావేశములో కరిగిపోయినది.

ఇచట మన స్వదేశాభిమానులు కొందఱు, విదేశీ కంపెనీల నమ్మినందుకు ఇట్టి శాస్తి జరుగవలసినదే యని యందురు. ఆ యభిమానమును మేము గౌరవింతుము. కాని పేరులను బట్టి దేశమును నిర్ణయించుట ఈ కాలమున సాధ్యముగ లేదు. మారుతి యన్నది ఆంజనేయుని పేరు. 1981 లో ప్రభుత్వ సంస్థగా పుట్టి, 1983 డిసెంబరు 14 న తొలికారును ఇందిరాగాంధీ చేతులమీదుగ అప్పగించిన ఆ కంపెనీలో ఆధిక్యము 2002 నుండి జపానుదేశపు సుజుకివారిది. 2007 నాటికి ప్రభుత్వము తన వాటాను పూర్తిగ వదలుకొనినది. మనము స్వదేశీ యనుకొన్న అంబాసిడరు ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు బండికి రూపాంతరము. ఆ మారిస్ పేరుతో 2019 లో మన దేశమునకు వచ్చిన ఎం.జి. కారు చైనావారి సైక్ సంస్థది. అది తయారగు హాలోల్ కర్మాగారము అంతకు ముందు జనరల్ మోటార్సువారిది. కొరియా పేరుగల కియా కార్లు 2019 నుండి మన రాయలసీమలో పెనుకొండ చెంత మన తెలుగు యువకుల చేతులమీదుగ తయారగుచున్నవి. ఇందులో స్వదేశీ యేది, విదేశీ యేదియని తేల్చి చెప్పగలవారు ముందునకు రావలయును. పేరు మనదైనంతమాత్రమున జనులు కొనుదురనుటయు సత్యము కాదు. 2009 లో లక్షరూపాయల కారని లోకమంతయు పొగడిన టాటావారి నానో బండి 2018 తో అంతరించినది. మన జనులు దేశభక్తులు కారని దీని యర్థము గాదు. వారు పిల్లల నెక్కించుకొనుటకు బండి కొనుచున్నారు.

స్వాతంత్ర్యమునకు పూర్వము స్వదేశీ మోటారు పరిశ్రమను గూర్చి కలలు గన్నవారి యాలోచన వేఱుగ నుండెను. విశాఖపట్టణమున 1941 లో నౌకానిర్మాణ కేంద్రమునకు పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్ గారే మోటారు కర్మాగారము కొఱకును పాటుపడి 1944 లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించిరి. 1948 లో మద్రాసున అశోక్ మోటార్సు పుట్టినది. 1955 లో లేలాండు పేరు దానికి చేరినది. ఆనాటివారి యుద్దేశము బండిమీద మన పేరుండుట మాత్రమే కాదు. ఆ విద్య మన చేతికి రావలెనని వారి తపన. ఆ విద్య కర్మాగారములకు వచ్చినది. అంతకంటె విస్తారముగ జాతీయ రహదారి పొడవున గల వేలకొలది షెడ్లకు వచ్చినది. టెక్కలి రాతిలారీల యజమానులలో టాటా మేలనువారును, లేలాండు మేలనువారును గంటలకొలది వాదించుకొందురు. ఆ వాదములో గేరుపెట్టె, ఆక్సిలు, డీజిలు ఖర్చు తప్ప వేఱుమాట వినబడదు. తన చేతితో విప్పి చూచినవాడు చేయు వాదమది. మా దృష్టిలో స్వదేశీ బండి యనగా కాశీబుగ్గ షెడ్డులో విప్పి మఱల బిగింపగలిగిన బండియే. కొరియావారిదైనను సరియే.

ఆ విప్పు స్వేచ్ఛయే నేడు చేజారిపోవుచున్నది. ఒక సామాన్య కొనుగోలుదారుడు 2011 లో చేసిన ఫిర్యాదుపై విచారణ జరిపి, కాంపిటీషన్ కమిషన్‌వారు 2014 ఆగస్టు 25 న పదునాలుగు కారు కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించిరి. నేరమేమనగా, అసలు స్పేరుపార్టులను, మరమ్మతునకు కావలసిన పరికరములను, సమాచారమును బయటి మెకానిక్కులకు అందనీయక, తమ అధికార కేంద్రముల ద్వారమున మాత్రమే దొరకునట్లు కట్టడి చేయుట. అందు అన్నిటికంటె పెద్ద జరిమానా, 1,346 కోట్లు, పడినది టాటా మోటార్సుపై. మారుతి, మహీంద్రా కంపెనీలును ఆ జాబితాలో కలవు. స్వదేశీ పేర్లను చూచి పరవశించువారు ఈ యుత్తరువు నొకమారు చదువవలయును. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. 2016 లో అప్పీలు ట్రిబ్యునలువారు మూడు కంపెనీల జరిమానాను తగ్గించిరి గాని తప్పు జరిగెనను నిర్ణయమును త్రోసివేయలేదు.

దీనికి కంపెనీలవారు చెప్పు సమాధానమును వినకుండుట న్యాయము కాదు. బజారులో నకిలీ పార్టులు విచ్చలవిడిగ నున్నవి. నేర్పులేనివాడు బ్రేకులను తాకినచో ప్రాణాపాయము. కావున మా కేంద్రములకే రండని వారందురు. నకిలీల సంగతి నిజము. కాని అసలు వస్తువును కొట్లకు చేరనీయనిచో నకిలీ రాజ్యమేలుట సహజమే గదా. నేర్పు లేనిచో నేర్పవలయును. ఇప్పటి బండ్లలో దోషము కనుగొనుటకు కంప్యూటరు స్కానరు కావలయును. దాని తాళపుచెవి కంపెనీ చేతిలో నుండి, పుస్తకము కంపెనీ బీరువాలో నుండి, మేస్త్రీకి తెలియదని యతనిని నిందించుట మిక్కిలి అన్యాయము. విద్యుత్ బండ్లు విస్తరించుకొలది ఈ చిక్కు రెట్టింపగును. వారంటీ కాలము తీఱిన నాడు బ్యాటరీని తెఱచి చూచు విద్య మన యూరిలో లేనిచో ఆ బండి తోటలో తుక్కుగ మిగులును.

మసాచుసెట్సు రాష్ట్రమున 2012 లో ఈ విషయము ప్రజల వోటునకు పెట్టగా నూటికి 86 వంతున జనులు మరమ్మతు హక్కును బలపఱచిరి. కంపెనీ కేంద్రములకు ఇచ్చు సమాచారమును బయటి మెకానిక్కులకును తగిన ధరకు ఇయ్యవలెనని అచటి శాసనము. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో ఒక సంఘమును నియమించి, ఆ డిసెంబరు 24 న మరమ్మతు హక్కు పోర్టలును తెఱచినది. మోటారుబండ్లును అందు చేరియున్నవి. సంతోషమే. కాని అది సమాచారము చూపు కిటికీయే గాని కంపెనీలను బలవంతపఱచు శాసనము గాదు. ఇంటర్నెట్టులో ఆంగ్లమున నున్న సమాచారము మందస మేస్త్రీకి ఎంతవఱకు ఉపకరించునో ఢిల్లీవారే యోచించుకొనవలయును.

మేము కోరునది పెద్దది కాదు. దేశమున బండి యమ్ము ప్రతి కంపెనీయు, ఆ రకపు తయారీ ఆగిన పిమ్మట ఇన్నియేండ్ల వఱకు స్పేరుపార్టు లిత్తుమని అమ్మకపు పత్రములోనే వ్రాసి యియ్యవలయును. దేశము విడిచిపోవు కంపెనీ ఆ భారమునకు తగిన సొమ్మును ముందుగ జామీనుగ నుంచి పోవలయును. మరమ్మతు పుస్తకములు తెలుగున రావలయును. మన ఐ.టి.ఐ.లలో పాఠము చెప్పువారికి, పాతమేస్త్రీలకు స్కానరుల వాడుక నేర్పు తరగతులు కంపెనీల ఖర్చుతో జరుగవలయును. ఆ మేస్త్రీ మాటమీదనే గదా వారి రెండవ బండి అమ్ముడగుచున్నది. శ్రీకాకుళము జిల్లా ప్రతినిధులు, ఏ పక్షమువారైనను, ఈ విషయమును పార్లమెంటున కదపవలెనని మా మనవి.

కొనువారికిని ఒక మాట కలదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపై జీఎస్టీ 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. అదివఱకు వెనుదీసినవారును ఇపుడు షోరూముల వైపు చూచుచున్నారు. పాతకారు మార్పిడికి బోనసు ఇత్తుము, పాత ఖాతాదారులకు తగ్గింపు ఇత్తుమని కంపెనీలు పిలుచుచుండును. తీసికొనుటలో తప్పులేదు. అయితే పదివేల తగ్గింపునకు బేరమాడుచు గంటలు గడపువారు, పదేండ్ల తరువాత గేరుపెట్టె యెచట దొరకునని ఒక్కమాట అడుగక బయటికి వచ్చుట మాకు వింతగ నున్నది. అడ్వాన్సు చెల్లింపకముందే యడుగవలయును. సమాధానము కాగితముమీద వ్రాయించుకొనవలయును. వ్రాసి యియ్యమన్నచో ఏ కంపెనీవా రేమనిరో పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతపు పాఠకులు మాకు తెలియజేసినచో, ఆ సమాధానములను ఈ పుటలోనే వరుసగ ప్రకటింతుము.